ఏ క్లాసుకు ఏ మూలపత్రం? అమెరికా చరిత్ర చెప్పేవాళ్లకు ఎంపిక సలహా

1770 మార్చి 5 రాత్రి, అప్పటికి ఇంకా బ్రిటిష్ పాలనలోనే ఉన్న బోస్టన్ వీధిలో బ్రిటిష్ సైనికులు జనం మీద కాల్పులు జరిపారు. అయిదుగురి ప్రాణాలు పోయాయి. నెల తిరక్కుండానే ఆ ఊరి వెండిపనివాడు పాల్ రెవీర్ చెక్కిన బొమ్మ అచ్చయి అమ్మకానికి వచ్చింది. అందులో సైనికులు వరసగా నిలబడి ఒక్కసారే తుపాకులు పేలుస్తుంటారు. వెనక కెప్టెన్ కత్తి ఎత్తి ఆజ్ఞ ఇస్తుంటాడు. ఎదుట ఉన్న జనం అమాయకంగా కుప్పకూలుతుంటారు. సైనికుల వెనక ఉన్న కస్టమ్స్ భవనానికి 'కసాయి కొట్టు' అనే అర్థం వచ్చే బోర్డు కూడా తగిలించాడు రెవీర్. అది అతను కల్పించి పెట్టిందే.

ఈ బొమ్మ ఒక్కటే చూపిస్తే ఎనిమిదో తరగతి పిల్లలు పది నిమిషాల్లో తీర్పు చెప్పేస్తారు. తర్వాత కెప్టెన్ థామస్ ప్రెస్టన్ జైల్లో ఉండి రాసిన కథనం వాళ్ల చేతికి ఇవ్వండి. జనం కర్రలతో, మంచుగడ్డలతో మీద పడ్డారని, కాల్చమని తాను చెప్పనే లేదని అతను రాశాడు. అప్పుడు క్లాసు గోలగోలగా మారుతుంది. "మరి ఇద్దరిలో ఎవరిది అబద్ధం?" అని అడుగుతారు. సైనికుల తరఫున కోర్టులో వాదించినది, తర్వాతి కాలంలో రెండో అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ అని, ప్రెస్టన్ నిర్దోషిగా బయటపడ్డాడని, ఎనిమిది మంది సైనికుల్లో ఇద్దరికి మాత్రమే శిక్ష పడిందని ఆ తర్వాత చెప్పండి. ఇక ఆ పాఠాన్ని వాళ్లు మర్చిపోరు.

అమెరికా స్కూళ్లలో సోషల్ స్టడీస్ చెప్పడానికి వచ్చిన మన తెలుగు టీచర్లు, పిల్లలకు ఇంట్లో చదువు చెప్పుకునే తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే మాట ఒకటే: "ప్రైమరీ సోర్సులకు (ఆ కాలం మనుషులే వదిలిన మూలపత్రాలకు) ఏ సైట్ మంచిది?" మనలో చాలామందిమి చరిత్రను పాఠ్యపుస్తకంలోని జవాబులుగా చదువుకుని వచ్చాం. అందుకే ఇక్కడి పిల్లలు కాగితం ముందు పెట్టుకుని ప్రశ్నలు వేస్తుంటే మొదట కొంచెం టెన్షన్ పడతాం. సైట్ల సంగతి చెబుతాను. దానికి ముందు తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది.

ఒక గొప్ప పత్రమా, తగవులాడే రెండు పత్రాలా?

చాలామంది మొదట స్వాతంత్ర్య ప్రకటన, రాజ్యాంగం, లింకన్ గెటిస్‌బర్గ్ ప్రసంగం తీసుకుంటారు. అవి చదివించాల్సినవే. కానీ ఒక మహా పత్రాన్ని ఒంటరిగా క్లాసులో పెడితే పిల్లలు దాన్ని స్తోత్రంలా వింటారు, బట్టీ పడతారు, వదిలేస్తారు. దాని పక్కన దానితో పొసగని ఇంకో కాగితం ఉంటేనే ఆలోచన మొదలవుతుంది. కాబట్టి నా సలహా ఎప్పుడూ జతలే.

స్వాతంత్ర్య ప్రకటన చెప్పాలంటే, దాన్ని రాసిన జెఫర్సన్ చిత్తుప్రతి పక్కన పెట్టండి. బానిస వ్యాపారాన్ని దుయ్యబడుతూ, ఆ పాపం ఇంగ్లండ్ రాజుదేనని ఆయన ఒక పేరా రాశాడు. 1776లో కాంగ్రెస్, అంటే వలసల ప్రతినిధుల సభ, దాన్ని తీసేసింది. రాసినవాడే వందలాది మందిని బానిసలుగా ఉంచుకున్నవాడు. ఆ పేరా ఎందుకు రాశాడు, మిగతావాళ్లు ఎందుకు కొట్టేశారు అన్న రెండు ప్రశ్నలకు ఒక పీరియడ్ చాలదు.

అదే సంవత్సరం మార్చి 31న అబిగైల్ ఆడమ్స్ భర్తకు ఉత్తరం రాస్తూ, కొత్త చట్టాలు రాసేటప్పుడు ఆడవాళ్లను మర్చిపోవద్దని కోరింది. ఏప్రిల్ 14న జాన్ ఆడమ్స్ జవాబు రాశాడు. ఆమె కోరిక చూసి నవ్వొచ్చిందన్నాడు. రెండూ చిన్నవే. ఆరో తరగతి వాళ్లకు కూడా అందుతాయి. ముఖ్యంగా ఆడపిల్లలు ఆ జవాబు చదివి ఊరుకోరు.

పెద్ద పిల్లలకు లింకన్ జత ఇవ్వండి. అంతర్యుద్ధం నడుస్తుండగా, 1862 ఆగస్టు 22న పత్రికా సంపాదకుడు హొరేస్ గ్రీలీకి రాసిన ఉత్తరంలో, ఒక్క బానిసను కూడా విడిపించకుండా దేశాన్ని నిలబెట్టగలిగితే అలాగే చేస్తానన్నాడు లింకన్. 1863 జనవరి 1న బానిసల విముక్తి ప్రకటన మీద సంతకం చేశాడు. ఈ రెండూ చూసి పిల్లలు "మనసు మార్చుకున్నాడు" అంటారు. అప్పుడు మూడో విషయం చెప్పాలి. గ్రీలీకి ఉత్తరం రాయడానికి నెల ముందే, జులై 22న, ఆ ప్రకటన చిత్తుప్రతిని ఆయన తన మంత్రివర్గానికి చదివి వినిపించాడు. మరి ఆ ఉత్తరం ఎవరి కోసం రాసినట్టు? కాగితం మీద ఏముందో చదవడం ఒకటి, అది ఎవరి చెవిన పడాలని రాశారో పట్టుకోవడం ఇంకొకటి. ఈ రెండో చదువు పాఠ్యపుస్తకంతో రాదు.

45 నిమిషాల పీరియడ్‌కు రెండు పత్రాలు, ఒక్కోటి 200 నుంచి 250 పదాలు. అంతకు మించి పెట్టుకోకండి. నేను మొదటి ఏడాది అయిదు పత్రాలు పంచి, పిల్లలు రెండోది పూర్తి చేయకముందే బెల్ కొట్టించుకున్నాను.

తయారు పాఠాలా, ముడి పత్రాలా?

ఇప్పుడు సైట్లు. అన్నీ ఒకే రకం కావు. కొన్ని వండి వడ్డిస్తాయి, కొన్ని బియ్యం కొలిచి ఇస్తాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను ముందుగా చెప్పేది 'రీడింగ్ లైక్ ఎ హిస్టోరియన్' పాఠాలు. శామ్ వైన్‌బర్గ్ బృందం స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో తయారుచేసింది. ఆ బృందం ఇప్పుడు డిజిటల్ ఇంక్వైరీ గ్రూప్ పేరుతో నడుస్తోంది. రిజిస్టర్ చేసుకుంటే ఉచితం. వందకు పైగా పాఠాలున్నాయి. ప్రతి పాఠానికి ఒక పెద్ద ప్రశ్న, రెండు మూడు పత్రాలు, టీచర్ ఏం చేయాలో వరస, పిల్లలు నింపే పట్టిక ఉంటాయి. స్వాతంత్ర్య యుద్ధం మొదలైన లెక్సింగ్టన్‌లో మొదటి గుండు ఎవరు పేల్చారు? ఆదివాసీ అమ్మాయి పోకహాంటస్ నిజంగా ఇంగ్లిష్ వలసదారు జాన్ స్మిత్ ప్రాణం కాపాడిందా? ఇలాంటి ప్రశ్నలు. పోకహాంటస్ పాఠం చూడండి. అదే జాన్ స్మిత్ 1608లో రాసినదాంట్లో ఆ కథ లేదు, 1624లో రాసినదాంట్లో ఉంది. మనిషి ఒక్కడే, మాటలు రెండు.

ఈ పాఠాల్లో మరో గొప్ప మేలు ఉంది. ఎవరు, ఎప్పుడు, ఎందుకు రాశారో చదవకముందే చూడటం, అప్పటి కాలాన్ని గుర్తు చేసుకోవడం, వేరే పత్రంతో సరిపోల్చడం, మాటల్ని జాగ్రత్తగా చదవడం అనే నాలుగు అలవాట్లను ప్రతి పాఠంలో మళ్లీ మళ్లీ చేయిస్తారు. టీచర్‌కు కూడా అవే అలవాట్లు అబ్బుతాయి. నాకు అలాగే అబ్బాయి.

లోపం కూడా చెప్పాలి. ఈ పాఠాలు మరీ నున్నగా ఉంటాయి. ప్రతి ప్రశ్నకు రెండు పక్షాలు, ప్రతి పక్షానికి ఒక చక్కటి పేరా. ఏడాదంతా ఇవే చేస్తే, చరిత్ర ఎప్పుడూ ఇలా సర్ది పెట్టిన జతల్లోనే దొరుకుతుందని పిల్లలు అనుకుంటారు. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా వీటితో నడిపించి, జనవరి నుంచి ముడి పత్రాల్లోకి దింపడం నా పద్ధతి.

ముడి పత్రాలకు రెండు పెద్ద గోదాములు ఉన్నాయి. ఒకటి నేషనల్ ఆర్కైవ్స్, రెండోది లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్. రెండూ ప్రభుత్వానివే, రెండూ ఉచితమే. చాలామంది ఇవి రెండూ ఒకటే అనుకుంటారు. కావు.

నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉండేది ప్రభుత్వం తన పని చేసుకుంటూ పోగేసిన ఫైళ్లు. చట్టాలు, కోర్టు కాగితాలు, సైన్యం రికార్డులు, అధ్యక్షులకు జనం రాసిన ఉత్తరాలు. టీచర్ల కోసం వీళ్లు పెట్టిన వేదిక పేరు డాక్స్‌టీచ్. పత్రాన్ని, ఫోటోను, మ్యాపును, కార్టూన్‌ను ఎలా చదవాలో వేర్వేరు వర్క్‌షీట్లు కూడా ఇస్తారు, చిన్న పిల్లలకు వేరుగా, పెద్దవాళ్లకు వేరుగా. ఇక్కడి ఉత్తరాలంటే నాకు ప్రాణం. 1958 మే 13న బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్సన్ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు రాసిన ఉత్తరం తీయండి. నల్లజాతివాళ్లు ఓపిక పట్టాలని అధ్యక్షుడు ప్రసంగంలో అంటే, ఇప్పటిదాకా మేం పట్టినంత ఓపిక ఇంకెవరు పట్టారని రాబిన్సన్ మర్యాద తప్పకుండా నిలదీశాడు. చిన్న తరగతులకు సరదాగా ఉండేది ఇంకొకటి: 1940లో క్యూబా నుంచి ఫిడెల్ కాస్ట్రో అనే కుర్రాడు అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు ఉత్తరం రాసి పది డాలర్ల నోటు పంపమన్నాడు. తన వయసు 12 అని రాసుకున్నాడు. అతని పుట్టినతేదీగా అందరూ చెప్పే 1926తో లెక్క వేయమనండి. మూలపత్రంలో ఉన్నంత మాత్రాన నిజం కానక్కర్లేదని అయిదో తరగతి పిల్లలే కనిపెడతారు.

ఈ గోదాముకున్న పరిమితి ఏమిటంటే, ఇక్కడ కనిపించేది ప్రభుత్వం కంటపడిన మనుషులు. ఫైలు ఎక్కని బతుకులు దొరకవు.

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దీనికి భిన్నం. జనం రాసుకున్న డైరీలు, పాటలు, మ్యాపులు, పోస్టర్లు, ఫోటోలు, పాత పత్రికలు అక్కడ ఉంటాయి. టీచర్లకు అంశాలవారీగా కట్టలు కట్టి పెట్టారు. చూడు, ఆలోచించు, ప్రశ్నించు అనే మూడు గడుల పట్టిక కూడా వీళ్లదే. ఇంగ్లిష్ ఇంకా సరిగ్గా రాని పిల్లలున్న క్లాసుకు నేను ఇదే ఎంచుకుంటాను. ఫోటోకు భాష అక్కర్లేదు కదా. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమోలో డొరొథియా లాంజ్ తీసిన, కూలి పనుల కోసం వలస తిరిగే తల్లి ఫోటో అందరికీ తెలుసు. ఆ రోజు అదే తల్లిని తీసిన మిగతా ఫోటోలు కూడా లైబ్రరీలో ఉన్నాయి. అన్నీ పక్కపక్కన పెట్టి, "ఇది ఒక్కటే ఎందుకు ప్రసిద్ధికెక్కింది? మిగతావాటిలో ఏం కనిపిస్తోంది?" అని అడగండి. ఆమె పేరు అడగలేదని లాంజ్ స్వయంగా చెప్పుకుంది. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనే ఆ తల్లి చెరోకీ అనే ఆదివాసీ జాతి మనిషి అని లోకానికి తెలిసేసరికి నలభై ఏళ్లు గడిచాయి.

రెండు గోదాములనూ కలిపి వాడాల్సిన అంశం ఒకటి చెబుతాను. జపాన్‌తో యుద్ధం నడుస్తుండగా 1942 ఫిబ్రవరి 19న రూజ్‌వెల్ట్ ఇచ్చిన 9066 నంబరు ఉత్తర్వుతో సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివాళ్లను శిబిరాలకు తరలించారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికా పౌరులే. ఆ తరలింపును ఫోటో తీయమని ప్రభుత్వమే లాంజ్‌ను నియమించింది. తీసిన ఫోటోలు నచ్చక యుద్ధం అయ్యేదాకా దాచిపెట్టింది. అవి నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మాంజనార్ శిబిరంలో 1943 నుంచి ఇంకో ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ తీసిన ఫోటోలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. ఆయన ఫోటోల్లో మనుషులు ధైర్యంగా, చాలాచోట్ల చిరునవ్వుతో ఉంటారు. ఒకే అన్యాయాన్ని ఇద్దరు సానుభూతిపరులు ఇంత వేరుగా ఎందుకు చూపించారన్నది పదో తరగతికి మంచి ప్రశ్న. గోడల మీద అంటించిన తరలింపు నోటీసును కూడా కలపండి. ఆ నోటీసు భాష ఎంత చల్లగా ఉంటుందో చదివితే గుండె బరువెక్కుతుంది.

మిగతావి క్లుప్తంగా. గిల్డర్ లెర్మన్ ఇన్‌స్టిట్యూట్ దగ్గర 80 వేలకు పైగా చారిత్రక వస్తువులు, పత్రాలు ఉన్నాయి. దేశ స్థాపన, అంతర్యుద్ధం కాలాలకు చాలా బలమైనది, పత్రంతో పాటు నేపథ్య వ్యాసం ఇస్తుంది కాబట్టి చరిత్ర అంతగా తెలియని తల్లిదండ్రులకు అనువు. స్కూలు తరఫున చేరితే ఎక్కువ దొరుకుతుంది. వాషింగ్టన్, జెఫర్సన్, ఆడమ్స్ లాంటి వాళ్ల ఉత్తరాలు వెతకాలంటే 'ఫౌండర్స్ ఆన్‌లైన్'. ఒప్పందాలు, చట్టాల పాఠం మాత్రమే కావాలంటే యేల్ లా స్కూల్ వాళ్ల 'అవలాన్ ప్రాజెక్ట్'. అందులో బొమ్మలు ఆశించకండి.

పూర్తి పత్రమా, కత్తిరించినదా, భాష తేలిక చేసినదా?

టీచర్ల మధ్య దీని మీద గట్టి వాదన జరుగుతుంది. పత్రాన్ని ముట్టుకోకూడదని కొందరు అంటారు. 18వ శతాబ్దపు వాక్యాలు పిల్లల తలకెక్కవని కొందరు అంటారు. నేను క్లాసును బట్టి వెళ్తాను. ఎనిమిదో తరగతి వరకు కత్తిరించి, కష్టమైన మాటలు మార్చి ఇవ్వడంలో తప్పు లేదు. అయితే అసలు పత్రం ఫోటో పక్కనే కనబడాలి. ఆ సిరా మరకలు, కొట్టివేతలు చూస్తేనే ఇది మనిషి రాసిందని తెలుస్తుంది. తొమ్మిది నుంచి కత్తిరించండి, కానీ మాటలు మార్చకండి.

కత్తిరించేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. 1830 డిసెంబర్ 6న అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో ఆదివాసీ జాతులను మిసిసిపీ నది అవతలికి పంపడం వాళ్ల మంచికేనని, ప్రభుత్వం దయతో చేస్తున్నదని వాదిస్తాడు. తీపి మాటలు తీసేసి కఠినమైనవి మాత్రమే ఉంచితే పిల్లలకు అతను కథల్లో రాక్షసుడిలా కనిపిస్తాడు. తీపి మాటలు ఉంచితేనే అసలు పాఠం: ఇంత మెత్తటి మాటలతో ఎంత ఘోరం చేయొచ్చో తెలుస్తుంది. దాని పక్కన 1836లో చెరోకీల ముఖ్య నాయకుడు జాన్ రాస్ కాంగ్రెస్‌కు రాసిన నిరసన లేఖ పెట్టండి. తమ జాతి తరఫున సంతకం చేసే అధికారం లేనివాళ్లతో ఒప్పందం రాయించుకుని తమ భూమిని, హక్కులను లాగేసుకున్నారని ఆయన రాశాడు.

కర్సివ్ రాత సంగతి కూడా చూసుకోవాలి. ఇప్పటి పిల్లల్లో చాలామందికి కలిపి రాత చదవడం రాదు. టైపు చేసిన పాఠం ఉన్న పత్రాలే ఎంచుకోండి. లేదా ఆ కష్టాన్నే పాఠంగా మార్చండి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, నేషనల్ ఆర్కైవ్స్ రెండూ పాత చేతిరాతలను చదివి టైపు చేసే పనికి స్వచ్ఛంద కార్యకర్తలను పిలుస్తున్నాయి. తాతయ్య, అమ్మమ్మ ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలు ఉంటే, కర్సివ్ చదవడంలో వాళ్లే పిల్లలకు గురువులు.

చెప్పించుకున్న మాటలు: జాగ్రత్తగా వాడాల్సిన నిధి

బానిసత్వం గురించి చెప్పేటప్పుడు యజమానుల లెక్కపుస్తకాలు, వేలం ప్రకటనలు ఒకవైపు. స్వయంగా బానిసత్వం అనుభవించినవాళ్ల మాటలు ఇంకోవైపు. రెండోవాటిలో రెండు రకాలున్నాయి. తప్పించుకుని బయటపడి తామే రాసుకున్న ఆత్మకథలు ఒకటి. నార్త్ కరోలినా యూనివర్సిటీ వాళ్లు వీటిని ఒకచోట చేర్చి ఉచితంగా పెట్టారు. రెండో రకం 1936, 1938 మధ్య ప్రభుత్వ రచయితల పథకం కింద 17 రాష్ట్రాల్లో సేకరించిన 2,300కు పైగా ఇంటర్వ్యూలు. ఇవి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి.

ఈ రెండో రకాన్ని ఒంటరిగా ఇవ్వొద్దని బతిమాలి చెబుతాను. ఎందుకో ఒక జత చూస్తే తెలుస్తుంది. సౌత్ కరోలినాలోని చార్ల్స్‌టన్‌లో సుసాన్ అనే వృద్ధురాలిని ఇద్దరు వేర్వేరుగా కలిశారు. ఇంటి పేరును ఒకరు హామ్లిన్ అని రాశారు, ఇంకొకరు హామిల్టన్ అని. ఒక ఇంటర్వ్యూ చేసింది తెల్లజాతి మహిళ జెస్సీ బట్లర్. వచ్చినామె సంక్షేమ కార్యాలయం మనిషి అనుకుంది ముసలమ్మ. ఆమెకు సుసాన్ తన యజమాని మంచివాడని చెప్పింది. ఇంకో ఇంటర్వ్యూ చేసింది నల్లజాతికి చెందిన ఆగస్టస్ లాడ్సన్. అతనికి చెప్పిన మాటలు వేరు. కొరడా దెబ్బల గురించి, పిల్లల్ని అమ్మేస్తుంటే తల్లులు పెట్టిన ఏడుపుల గురించి, గుండె పగిలి చనిపోయిన మనుషుల గురించి చెప్పింది.

అది మహా మాంద్యం కాలం. తిండికి సాయం ఎవరి చేతిలో ఉందో ఆ వృద్ధురాలికి తెలుసు. ఎవరి ముందు ఏ మాట క్షేమమో బతుకంతా నేర్చుకున్న మనిషి ఆమె. మన ఊళ్లలో కూడా దొర ముందు చెప్పే మాట, అరుగు మీద కూర్చున్నాక చెప్పే మాట ఒకటి కాదు కదా. నిజాం కాలం, జమీందారీ కాలం చూసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉన్న తెలుగు పిల్లలకు ఈ తేడా చాలా త్వరగా అర్థమవుతుంది. ఆ ఇంటర్వ్యూల్లో యాసను రాసిన తీరు కూడా చర్చించండి. ఆ వంకర స్పెల్లింగులు రాసింది ఇంటర్వ్యూ చేసినవాళ్లు. పిల్లలతో వాటిని గట్టిగా యాస పెట్టి చదివించకండి. నవ్వులాట అవుతుంది, క్లాసులో ఎవరో ఒకరి మనసు గాయపడుతుంది.

ఈ జతను తొమ్మిదో తరగతి కంటే కింద నేను వాడను.

ఏపీ పరీక్ష రాసేవాళ్లకు

పదకొండో తరగతిలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) యూఎస్ హిస్టరీ తీసుకున్న పిల్లల ఇళ్లలో డీబీక్యూ, అంటే పత్రాల ఆధారంగా వ్యాసం రాసే ప్రశ్న, అనే మాట రోజూ వినబడుతుంది. ఏడు పత్రాలు ఇస్తారు, చదవడానికి సూచించిన 15 నిమిషాలతో కలిపి గంట సమయం, మొత్తం మార్కుల్లో 25 శాతం దీనిదే. తల్లిదండ్రులు వెంటనే కోచింగ్ పుస్తకాలు కొంటారు. వాటిలో పత్రం చదవడానికి సూత్రాలు ఇస్తారు, పిల్లలు వాటిని ఎక్కాల్లా అప్పజెబుతారు. సూత్రం వచ్చినంత మాత్రాన పత్రం అర్థం కాదు.

డబ్బు పెట్టే ముందు ఆ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డు సైట్ చూడండి. గత సంవత్సరాల ప్రశ్నలు, పిల్లలు రాసిన నమూనా జవాబులు, వాటికి మార్కులు ఎందుకు వేశారో వివరణలు అన్నీ ఉచితంగా ఉన్నాయి. అయితే ఆగస్టులోనే ఏడు పత్రాల కట్ట ముందు పెట్టకండి. దసరా దాకా వారానికి ఒక జత, సంక్రాంతి దాకా నాలుగేసి పత్రాలు, ఆ తర్వాతే ఏడు. ప్రతి పత్రానికీ ఒక్క వాక్యం రాయించండి: "ఇతను ఈ మాట ఇప్పుడే, వీళ్లకే ఎందుకు చెప్పాడు?" ఆ ఒక్క వాక్యం బాగా రాయగలిగిన పిల్లలకు మిగతా వ్యాసం పెద్ద కష్టం కాదు.

మనవాళ్లు కనిపించే పత్రాలు

చాలా ఏళ్లు ఈ పాఠాలు చెప్పాక కూడా, మన పిల్లలు ఇదంతా వేరేవాళ్ల చరిత్ర అన్నట్టు వింటుంటే బాధగా ఉండేది. వాళ్లకు ఈ కట్ట ఇవ్వడం మొదలుపెట్టాక తేడా చూశాను. 2008లో మొదలై, ఫిలడెల్ఫియా కేంద్రంగా నడుస్తున్న సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్ దీనికి మంచి చోటు.

ఆరు, ఏడు తరగతులకు 1915 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికా వార్త తీయండి. కళా బగాయ్ అనే యువతి భర్తతో, ముగ్గురు కొడుకులతో ఓడ దిగితే, ఆమె ముక్కుపుడకను కొత్త ఫ్యాషన్ అని శీర్షిక పెట్టి రాసిందా పత్రిక. మన అమ్మమ్మల ముక్కుపుడక అక్కడ వింత వార్త! రాసినవాడికి ఏం తెలుసు, ఏం తెలియదు అని పిల్లలు సంతోషంగా వెతుకుతారు.

పదకొండో తరగతికి సుప్రీంకోర్టు తీర్పుల జత. అప్పట్లో బయటి నుంచి వలస వచ్చినవాళ్లలో పౌరసత్వం తెల్లవాళ్లకు, ఆఫ్రికా సంతతివాళ్లకు మాత్రమే. 1922 నవంబర్‌లో జపాన్‌కు చెందిన ఒజావా కేసులో, తెల్లవాడంటే కాకేసియన్ జాతివాడని, ఒజావా ఆ జాతివాడు కాదని కోర్టు చెప్పింది. మూడు నెలలకు, 1923 ఫిబ్రవరి 19న, అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ కేసులో, శాస్త్రం ప్రకారం కాకేసియన్ అయినా సరే, మామూలు మనిషి దృష్టిలో అతను తెల్లవాడు కాదంది. రెండు తీర్పులూ రాసింది ఒకే న్యాయమూర్తి, జార్జ్ సదర్లాండ్. ఇంతకంటే మంచి జత నేను ఎక్కడా చూడలేదు. ఒక విషయం దాచకుండా చెప్పండి: తాను అగ్రకులానికి చెందిన ఆర్యుడినని, కాబట్టి తెల్లవాడినేనని థింద్ వాదన సాగింది. సిక్కు అయిన అతన్ని కోర్టు అగ్రకుల హిందువు అని రాసింది. కులం మాట వచ్చినచోట దాటేస్తే ఈ పత్రాన్ని సగమే చదివినట్టు.

ఈ తీర్పు తర్వాత కళ భర్త వైష్ణో దాస్ బగాయ్ పౌరసత్వం రద్దయింది. 1928లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. ఆయన రాసిన చివరి ఉత్తరం పత్రికలో వచ్చింది. ఎంత విలువైనదైనా ఆత్మహత్య లేఖ అది. పెద్ద తరగతులకే, అదీ స్కూలు కౌన్సెలర్‌కు ముందుగా చెప్పి వాడండి. చిన్నవాళ్లకు వద్దు. వాళ్లకు కళ తర్వాతి జీవితం చెప్పండి. ఒకప్పుడు ఆమె కుటుంబాన్ని ఇంట్లోకి అడుగు పెట్టనివ్వని బర్క్‌లీ పట్టణంలో ఇప్పుడు ఆమె పేరుతో వీధి ఉంది.

1946 చట్టంతో ఇండియా నుంచి ఏడాదికి 100 మందికి దారి తెరుచుకుంది. 1965 అక్టోబర్ 3న లిబర్టీ ఐలాండ్‌లో, తర్వాత మనవాళ్ల రాకకు దారి తెరిచిన కొత్త వలస చట్టం మీద సంతకం చేస్తూ అధ్యక్షుడు జాన్సన్, ఇది విప్లవాత్మకమైన చట్టం ఏమీ కాదని, లక్షలాది జీవితాలను మార్చదని అన్నాడు. ఆ ప్రసంగాన్ని ఒక తెలుగు పిల్ల చదువుతుంటే చూడండి. చదవడం ఆపి, చుట్టూ చూసి, "మరి మనం?" అంటుంది.

ఆ రోజు ఇంటికి వెళ్లాక చేసే పని ఒకటి చెబుతాను. క్లాసులో మాత్రం ఎవరినీ వలస కాగితాలు తెమ్మని అడగకండి. ఏ ఇంట్లో ఏ భయం ఉందో మనకు తెలియదు. ఇంట్లో మీ పిల్లలతో కూర్చుని, మీ పాత వీసా స్టాంపు ఉన్న పాస్‌పోర్టు తీయండి. మన ఇంటి పేరు ముందుంటుంది, సొంత పేరు తర్వాత. ఆ వరస ఇక్కడి ఫారాల్లో ఇమడక చాలామంది మనవాళ్ల పేర్లు తలకిందులయ్యాయి. కొందరి వీసా మీద సొంత పేరు ఉండాల్సిన గడిలో 'ఎఫ్ఎన్‌యూ' అని, అంటే మొదటి పేరు తెలియదని, అచ్చయింది. ఎవరు రాశారు, ఏ గడి కోసం రాశారు, ఏది వదిలేశారు అని క్లాసులో అడిగిన మూడు ప్రశ్నలే మళ్లీ అడగండి. కాగితం పేరు తెలియదంటున్న మనిషి ఆ పిల్ల పక్కనే కూర్చుని ఉంటాడు.